యాపిల్ సంచీ పక్కన పెడదాం



సాయంత్రం బంధువులను వార్డులోకి వదిలే వేళలో ఏ ఆసుపత్రిలోనైనా ఒక్క పది నిమిషాలు నిలబడి చూడండి. రోగిని చూడవచ్చే ప్రతి మనిషి చేతిలోనూ ఒక సంచీ ఉంటుంది. అందులో నాలుగు యాపిల్ పండ్లు, ఒక బ్రెడ్డు ప్యాకెట్టు, ఒక తియ్యటి రసం సీసా. ఏ నెలలో చూసినా ఇంతే. జూన్ నెలలో చూసినా ఇంతే.

జూన్ నెలలో ఐరాల చుట్టుపక్కల ఎటు చూసినా మామిడి తోపులే. కోత జోరుగా సాగుతుంటుంది. సంచీ పట్టుకొని వచ్చిన ఆ రైతన్న ఆ పొద్దున్నే తన తోపులో కాయలు కోయించి ట్రాక్టరుకు ఎత్తించి ఉంటాడు. ఇంట్లో గడ్డి పరచి మాగేసిన బేనిషా పండ్లు ఉంటాయి. అయినా రోగి మంచం పక్కన మాత్రం ఎక్కడి కొండల్లోనో పోయిన ఏడాది కోసి, నెలల తరబడి చల్లటి గిడ్డంగిలో దాచి, లారీల మీద వందల మైళ్లు తెచ్చిన యాపిల్ పెడతాడు. "మన మామిడి పండు తేలేదా అన్నా?" అని అడిగితే, "అది వేడి కదమ్మా, జ్వరం మనిషికి ఎట్లా పెట్టేది?" అంటాడు. పక్కనున్న భార్య ఇంకొక మాట కలుపుతుంది: "ఆసుపత్రికి మామిడికాయ తీసుకొస్తే నలుగురూ ఏమనుకుంటారు?"

ఈ రెండు మాటల్లోనే మన జబ్బు ఉంది. ఒకటి అపోహ, రెండోది నామోషీ. వీటికి తోడు మూడోది ఒకటి ఉంది: మార్కెట్టులో జరిగే మోసం. ఎండాకాలంలో మన నేల ఇచ్చే పండును, కాయను, ఆకును ఈ మూడూ కలిసి మన నోటికి అందకుండా చేస్తున్నాయి. అది మన ఆరోగ్యానికి నష్టం అని చెప్పడానికే ఈ వ్యాసం.

యాపిల్‌కు ఉన్న గౌరవం దేనికి?

యాపిల్ చెడ్డ పండు కాదు. పీచు ఉంది, తేలికగా అరుగుతుంది. కాని దానికి మనం ఇస్తున్న గౌరవం దాని గుణానికి మించినది. 100 గ్రాముల యాపిల్‌లో విటమిన్ సి ఐదు మిల్లీగ్రాములకు మించదు. అదే తూకం మామిడి పండులో అంతకు కొన్ని రెట్లు ఎక్కువ ఉంటుంది. పుల్లటి పచ్చి మామిడికాయలో ఇంకా ఎక్కువ. మామిడి పండుకు ఆ పసుపు రంగునిచ్చే కెరోటిన్ మన శరీరంలో విటమిన్ ఎ గా మారుతుంది. కంటిచూపుకు, చర్మానికి, రోగాలను తట్టుకునే శక్తికి అది అవసరం. యాపిల్‌లో అది నామమాత్రమే.

విటమిన్ ఎ సంగతి మనకు చిన్న విషయం కాదు. పిల్లలకు రేచీకటి రాకుండా, చూపు పోకుండా ఆరు నెలలకొకసారి విటమిన్ ఎ మందు పోసే పథకం మన దేశంలో 1970లో మొదలైంది. దానికి ఆధారమైన పరిశోధన చేసింది హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ. ఆ మందు ఈనాటికీ పిల్లలకు పోస్తున్నారు, తప్పక పోయించండి. కాని మందు చుక్క ఆరు నెలలకొకసారి వస్తుంది. మామిడి, బొప్పాయి, మునగాకు, తోటకూర మాత్రం పెరట్లోనే ఉంటాయి.

పండ్లలో ఏముందో తెలియని రోజుల్లోనే ఒక సముద్ర వైద్యుడు దాని బలం చూపించాడు. 1747లో జేమ్స్ లిండ్ అనే బ్రిటిష్ నౌకాదళ వైద్యుడు చిగుళ్లు వాచి, రక్తం కారి, లేవలేకుండా ఉన్న 12 మంది నావికులను ఇద్దరిద్దరుగా విడదీసి ఒక్కో జంటకు ఒక్కో మందు ఇచ్చాడు. నారింజ పండ్లు, నిమ్మపండ్లు తిన్న ఇద్దరే ఆరు రోజుల్లో తేరుకొన్నారు. వాళ్లకు వచ్చిన స్కర్వీ జబ్బుకు కారణం విటమిన్ సి లోపం అని తెలియడానికి మరి రెండు వందల ఏండ్లు దగ్గర పడ్డాయి.

ఇంకొక సంగతి గమనించండి. విటమిన్ సి నిలవ ఉండేది కాదు. కోసిన దగ్గర నుండి తగ్గుతూ వస్తుంది, వేడికి ఇంకా తగ్గుతుంది. అందుకే నిన్న కోసి ఈ రోజు తిన్న పండుకు, నెలల తర్వాత తిన్న పండుకు తేడా ఉంటుంది. కాలం పండు తినమని పెద్దలు చెప్పిన దాంట్లో మాయలేమీ లేవు. తాజాగా దొరుకుతుంది, చవకగా దొరుకుతుంది, అందుకని కడుపునిండా తినగలం. ఇదే దాని బలం.

బీర, పొట్ల, సొర: ఎండకు ఓర్చే కూరలు

పండ్లంటే కొనాలి, కూరగాయలైతే ఎటూ వండుకోక తప్పదు. ఎండాకాలంలో మన సంతలో దొరికే కాయలు చూడండి. బీరకాయ, పొట్లకాయ, సొరకాయ, బూడిద గుమ్మడి, కీరదోస. వీటిలో నూటికి 94 నుండి 96 పాళ్లు నీరే. కర్బూజ, పుచ్చకాయల్లో కూడా నూటికి తొంభై పాళ్లకు పైగా నీరే. నీరే కదా అని తేలికగా తీసుకోకండి. ఆ నీటిలో పొటాషియం వంటి లవణాలు కలిసి ఉంటాయి, పీచు ఉంటుంది, చక్కెర మాత్రం తక్కువ. చెమటతో పోయిన నీటిలో కొంత భాగాన్ని మనం పళ్లెంలోనే తిరిగి పొందుతాం.

ఎండదెబ్బ అంటే ఏమిటో మన రాష్ట్రానికి చెప్పనక్కరలేదు. 2015 మే నెలలో వడగాడ్పులకు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలలో కలిపి దాదాపు 2,000 మంది చనిపోయారు. ముసలివాళ్లు, ఎండలో పని చేసే కూలీలే వారిలో ఎక్కువ. కీరదోస తిన్నంత మాత్రాన ఎండదెబ్బ తగలదని ఎవరూ చెప్పలేరు. నీళ్లు తాగాలి, నీడ చూసుకోవాలి, నడిమధ్యాహ్నం పని ఆపాలి. ఒళ్లు కాలిపోతూ మాట తడబడుతుంటే తడిబట్టతో తుడుస్తూ వెంటనే 108 పిలవాలి. కాని పొద్దున టీ, పదకొండింటికి టీ, మధ్యాహ్నం అన్నంలో ఇంత ఊరగాయ వేసుకొని తిని ఎండలోకి పోయే మనిషికీ, పొద్దున రాగి అంబలిలో మజ్జిగ పోసి ఎర్రగడ్డ కొరికి, మధ్యాహ్నం సొరకాయ కూర తిని పోయే మనిషికీ తేడా ఉంటుంది. మన తాతలు రెండో విధంగానే బ్రతికారు.

ఆకుకూరల మాట కూడా చెప్పుకోవాలి. ఎండల్లో ఆకుకూర ధర పెరుగుతుంది నిజమే. కాని మునగ చెట్టుకు ఎండాకాలం లెక్క లేదు. చింతచెట్లు చిగురు వేసేదీ ఈ కాలంలోనే. 100 గ్రాముల మునగాకులో ఉండే కాల్షియం అంతే తూకం ఆవుపాలలో ఉండే దానికంటే ఎక్కువే. మనం ఒక పూటకు అంత ఆకు తినకపోవచ్చు, ఆకులోని కాల్షియం అంతా ఒంటికి పట్టకపోవచ్చు కూడా. అయినా వారానికి మూడు రోజులు గుప్పెడు మునగాకు పప్పులో పడితే అది డబ్బు పెట్టి కొనే పొడి డబ్బాలకు తీసిపోదు.

అందులో ఒక చిన్న కిటుకు ఉంది. ఆకుకూరల్లో, పప్పుల్లో ఉండే ఇనుము మన ఒంటికి సులభంగా పట్టదు. దాని పక్కన పులుపు, అంటే విటమిన్ సి ఉంటే బాగా పడుతుంది. మునగాకు పప్పులో దించే ముందు పచ్చిమామిడి తురుము వేయడం, తినేటప్పుడు నిమ్మకాయ పిండుకోవడం రుచికే కాదు, రక్తానికి కూడా మంచిది. భోజనం కాగానే టీ తాగడం మాత్రం ఆ మేలును సగం చెడగొడుతుంది. ఒక గంట ఆగి తాగండి.

"వేడి చేస్తుంది" అనే మాట

ఇక అపోహ సంగతి. మామిడి పండు తింటే సెగ గడ్డలు వస్తాయని మనలో గట్టి నమ్మకం. మామిడి కాలమూ, చెమట కాలమూ ఒకటే కావడం వల్ల వచ్చిన అపవాదు ఇది. చెమటతో, మట్టితో చర్మరంధ్రాలు మూసుకుపోయి, సూక్ష్మక్రిములు చేరినప్పుడు గడ్డలు లేస్తాయి. రెండు పూటలా స్నానం వాటికి మొదటి మందు. కాయ తొడిమ దగ్గర కారే సొన మాత్రం కొందరి చర్మానికి పడదు, పెదాల చుట్టూ పొక్కుతుంది. అందుకే పండ్లను నీళ్లలో నానవేసి, బాగా కడిగి, తొడిమ వైపు కోసి పారేసి తినమని పెద్దలు చెప్పారు. ఆ మాట పాటించండి. జ్వరం వచ్చిన మనిషి అరిగినంత మామిడి పండు తినవచ్చు. చక్కెర జబ్బు, మూత్రపిండాల జబ్బు ఉన్నవారి సంగతి తర్వాత చెబుతాను.

ఈ "వేడి", "చలవ" మాటలు పెద్దవాళ్ల విషయంలో పెద్ద హాని చేయవు. కాని బాలింత విషయంలో చేస్తాయి. మన పల్లెల్లో చాలా ఇండ్లలో కాన్పయిన ఆడబిడ్డకు ఇప్పటికీ ఎండు పథ్యమే. తెల్లగడ్డ కారం, మిరియాల చారు, అన్నం. నీళ్లు ఎక్కువ తాగితే పొట్ట వస్తుందట. ఆకుకూర తింటే బిడ్డకు విరేచనాలట. పండు తింటే బిడ్డకు జలుబట. ఏప్రిల్, మే నెలల్లో, రేకుల ఇంట్లో, తలుపులు మూసి, చెవుల్లో దూది పెట్టి, నీళ్లు కొలిచి పోసి, ఆ తల్లి పాలు ఇవ్వాలంటే ఎక్కడి నుండి వస్తాయి? పాలలో ఎక్కువ భాగం నీరే కదా. దాహమైనప్పుడల్లా ఆమెకు నీళ్లు ఇవ్వాలి. మూత్రం మంట, మలబద్ధకం, కుట్ల దగ్గర నొప్పి అని వచ్చే బాలింతలలో ఎందరో చేసిన తప్పు ఒకటే: నీళ్లు, పీచు లేని తిండి.

2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కల ప్రకారం మన రాష్ట్రంలో 15 నుండి 49 ఏండ్ల లోపు స్త్రీలలో నూటికి 58 మందికి పైగా రక్తహీనతతో ఉన్నారు. ఐదేండ్లలోపు పిల్లల్లో ఈ లెక్క నూటికి 63. అంటే మన ఇంట్లో ఇద్దరు ఆడవాళ్లుంటే ఒకరికి రక్తం తక్కువ అన్నమాట. అట్లాంటి మనిషి కాన్పులో మరికొంత రక్తం పోగొట్టుకొని వస్తే, ఆమెకు ఆకుకూర, పండు వద్దనడం ఏ పథ్యం? అత్తగారికి, అమ్మగారికి చేతులు జోడించి చెబుతున్నాను. మీ ప్రేమను ఎవరూ శంకించరు. మీకు మీ పెద్దలు చెప్పిందే మీరు చేస్తున్నారు. కాని పథ్యం పేరుతో తల్లి పళ్లెంలో నుండి పచ్చటిదంతా తీసివేయకండి. బీరకాయ, సొరకాయ, పొట్లకాయ, మునగాకు, మాగిన పండు, నీళ్లు, మజ్జిగ అన్నీ ఇవ్వండి. డాక్టరు ఇచ్చిన ఇనుము మాత్రలు మానవద్దు. తిండి వాటికి తోడు మాత్రమే.

గర్భిణుల బొప్పాయి భయం గురించి ఒక మాట. పాలు కారే పచ్చి బొప్పాయి వద్దనడం మంచిదే. బాగా మాగిన పండు సంగతి వేరు. అయినా మనసు ఒప్పుకోకపోతే మామిడి తినండి, జామ తినండి. ఒక పండును వద్దనుకొంటే ఇంకొక పండుతో ఆ లోటు తీర్చాలి, అన్నిటినీ మానకూడదు.

నామోషీ ఖరీదు

మన చిన్ననాట ఎండాకాలం సెలవులంటే పండ్ల కాలం. గట్ల మీద ఈతపండ్లు, గుట్టల్లో కలేకాయలు, పాలపండ్లు, చెరువు కట్ట మీద నేరేడు, తాటితోపులో ముంజలు. తమిళనాడు సరిహద్దు పల్లెల్లో నుంగులంటారు వాటిని. పైసా ఖర్చు లేదు. పెదాలు ఊదారంగుకు తిరిగి ఇంటికొస్తే అమ్మ తిట్టేది, అంతే. ఈనాడు ఆ పండ్లు తినే పిల్లవాడిని చూసి "ఏం రా, ఇంట్లో తిండి లేదా?" అంటున్నాం. అదే పిల్లవాడు అంగడికి పోయి కారం చిప్సు ప్యాకెట్టు, రంగునీళ్ల సీసా కొంటే ఏమీ అనడం లేదు.

లెక్క చూడండి. తియ్యటి గ్యాసు డ్రింకుల్లో సాధారణంగా 100 మిల్లీలీటర్లకు పది గ్రాముల పైచిలుకు చక్కెర ఉంటుంది. పావులీటరు సీసాలో ఐదు చెంచాలకు పైగా అన్నమాట. పైనుండి కలిపే చక్కెర రోజుకు పెద్దవాళ్లకైనా సుమారు ఆరు చెంచాల లోపు ఉంటే మరీ మంచిదని 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. అంటే ఒక చిన్న సీసాతో పిల్లవాడు పెద్దవాళ్ల రోజు లెక్కను దాదాపు పూర్తి చేస్తున్నాడు. దాహం మాత్రం తీరదు, ఇంకొకటి కావాలంటాడు.

వీటిలో మరీ ప్రమాదమైన మోసం ఒకటి ఈ మధ్యే బయటపడింది. పండ్ల రసం వంటి తియ్యటి పానీయాల పెట్టెల మీద "ఓఆర్‌ఎస్" అని రాసి అమ్ముతూ వచ్చారు. విరేచనాలతో వాడిపోయిన బిడ్డకు తల్లులు అదే మందు అనుకొని పట్టారు. చక్కెర ఎక్కువైతే విరేచనాలు ఇంకా పెరుగుతాయి. హైదరాబాదుకు చెందిన పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ దీని మీద ఏండ్ల తరబడి పోరాడారు. చివరికి 2025 అక్టోబరులో, ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన పాళ్లలో లేని పానీయాల మీద ఆ పేరు వాడకూడదని కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఆదేశించింది. ఆమె పోరాటం మనకు ఒక పాఠం. సీసా మీద పండు బొమ్మ ఉన్నంత మాత్రాన లోపల పండు లేదు. మందు పేరు ఉన్నంత మాత్రాన లోపల మందు లేదు. అసలు ఓఆర్‌ఎస్ పొట్లం ఆరోగ్య ఉపకేంద్రంలో ఉచితంగా దొరుకుతుంది. అది లేనప్పుడు కాచి చల్లార్చిన ఒక లీటరు నీటిలో తలగొట్టిన ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలిపి తాగించండి. కొలత తప్పరాదు.

పసుపు రంగు పైన, పులుపు లోపల

మూడోది మార్కెట్టు మోసం. మాగని కాయల మధ్య కార్బైడ్ పొట్లాలు పెట్టి ఒకటి రెండు రోజుల్లో రంగు తెప్పిస్తారు. కార్బైడ్‌కు తడి తగిలితే ఎసిటిలీన్ అనే వాయువు పుడుతుంది. పరిశ్రమల్లో వాడే ఆ రాయిలో ఆర్సెనిక్, భాస్వరం జాడలు కూడా ఉంటాయి. పండు పైన నిగనిగలాడే పసుపు, కోస్తే లోపల తెల్లటి గట్టి కండ, నోట్లో పులుపు. దీన్ని చట్టం ఏనాడో నిషేధించింది. 2011 ఆహార భద్రతా నిబంధనల్లో కూడా ఆ నిషేధం స్పష్టంగా ఉంది. 2015లో హైదరాబాదు హైకోర్టు ఈ సంగతిని తనకు తానుగా విచారణకు తీసుకొని అధికారులను గట్టిగా ప్రశ్నించింది. కార్బైడ్‌కు బదులు ఇథిలీన్ వాయువును పరిమితి మేరకు వాడవచ్చని 2016లో అనుమతి ఇచ్చారు. ఇథిలీన్ పండు తనంతట తాను విడుదల చేసే వాయువే. ఒక మాగిన పండు పక్కన కాయలు త్వరగా మాగేది అందుకే. మన అవ్వలు గడ్డిలో కాయలు కప్పి చేసింది ఇదే పని.

కాబట్టి మనకు సాధ్యమైన ఉపాయం సులభం. పక్వానికి వచ్చిన కాయలు తోపు దగ్గరే కొనండి. ఇంట్లో వరిగడ్డిలో మాగేయండి. నాలుగైదు రోజులు ఓపిక పట్టండి. కాలం రాకముందే మార్కెట్టులో కనబడే పసుపు పండు మీద మోజు పడకండి. మన జిల్లాలో బేనిషా మే నెలలో, తోతాపురి, నీలం జూన్, జూలైలలో బాగా వస్తాయి. మార్చిలో కొన్న "మామిడి పండు" గురించి మీరే ఆలోచించండి. కొనేవాడికి తొందర లేకపోతే అమ్మేవాడికి కార్బైడ్ అవసరం ఉండదు.

టన్నుల పంట, ఖాళీ పళ్లెం

ఇక్కడ ఒక బాధ చెప్పుకోక తప్పదు. మన చిత్తూరు జిల్లా తోతాపురి గుజ్జు దేశవిదేశాలకు పోతుంది. ఆ పంట ధర ఎట్లా పడిందో 2025లో చూశాం. గుజ్జు ఫ్యాక్టరీలు కిలోకు 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు, మొత్తం 12 రూపాయలు ఇచ్చేటట్లు నిర్ణయించవలసి వచ్చింది. ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు రోజుల తరబడి నిలబడ్డాయి. కొందరు కోత కూలి కూడా రాదని కాయలు చెట్టుకే వదిలారు. ఒక కిలో యాపిల్ ధరకు ఎన్ని కిలోల తోతాపురి వస్తుందో మీరే లెక్క వేసుకోండి.

మనిషి రోజుకు 400 గ్రాముల కూరగాయలు, 100 గ్రాముల పండ్లు తినాలని 2024లో జాతీయ పోషకాహార సంస్థ తన ఆహార మార్గదర్శకాల్లో చెప్పింది. తోపుల నడుమ బ్రతికే మన పిల్లల్లో ఎందరికి ఆ 100 గ్రాములు అందుతున్నాయి? జూన్‌లో బడులు తెరిచే నాటికి తోతాపురి, నీలం కోతకు వస్తాయి. బడిలో మధ్యాహ్న భోజనంతో గుడ్డు, చిక్కీ ఇస్తున్నారు, సంతోషం. మామిడి ఉన్న ఆ ఐదారు వారాలు వారానికి రెండు రోజులు ఒక్కో బిడ్డ పళ్లెంలో నాలుగు మామిడి ముక్కలు పెడితే రైతుకు మేలు, బిడ్డకు మేలు. హాస్టళ్లు, అంగన్‌వాడీలు, ఆసుపత్రి వంటశాలలు కూడా ఈ పని చేయవచ్చు. ప్రభుత్వం చేసేదాకా ఆగనక్కరలేదు. ఊరికి ఇద్దరు తోపు యజమానులు తలచుకొన్నా వారానికి రెండు బుట్టలు బడికి చేరతాయి.

కొన్ని జాగ్రత్తలు

మంచిదని చెప్పినప్పుడు హద్దు కూడా చెప్పాలి.

చక్కెర జబ్బు ఉన్నవారు మామిడిని పూర్తిగా మానవలసిన పని లేదు. కాని భోజనం పైన భోజనం లాగా తినకూడదు. షుగరు అదుపులో ఉంటే, డాక్టరును అడిగి, నాలుగైదు ముక్కలు, ఆ పూట అన్నం కొంత తగ్గించి తినండి. రసం తీసి తాగకండి, పండుగా నమిలి తినండి. షుగరు అదుపులో లేనివారు ముందు దాన్ని అదుపు చేసుకోవాలి.

మూత్రపిండాల జబ్బు ఉన్నవారు, డయాలసిస్ చేయించుకొనేవారు జాగ్రత్త. కొబ్బరినీళ్లు, మామిడి, అరటి, కర్బూజలలో ఉండే పొటాషియం ఆరోగ్యవంతునికి మేలే. పాడైన మూత్రపిండాలు దాన్ని బయటికి పంపలేవు. రక్తంలో అది పెరిగితే గుండె లయ తప్పుతుంది, ప్రాణం మీదికి వస్తుంది. వీరిని చూడవచ్చేవారు డాక్టరును అడగకుండా కొబ్బరిబోండాం తేవద్దు.

రోడ్డు పక్కన కోసి, ఈగలు వాలుతూ, ఐసు మీద పెట్టిన పుచ్చకాయ ముక్కలు తినకండి. కామెర్లు, టైఫాయిడ్, విరేచనాలు ఆ దారినే వస్తాయి. కాయ మొత్తంగా కొని, ఇంట్లో కడిగి, కోసిన వెంటనే తినండి.

పండు తిన్నామని పిల్లలకు అన్నం మానిపించకండి. బీహారులోని ముజఫర్‌పూర్ ప్రాంతంలో ఏండ్ల తరబడి లీచీ పండ్ల కాలంలో పిల్లలు తెల్లవారుజామున మూర్ఛలు వచ్చి చనిపోయేవారు. లీచీలో ఉండే కొన్ని పదార్థాలు రక్తంలో చక్కెర పడిపోయేట్లు చేస్తాయనీ, పగలంతా పండ్లు తిని రాత్రి భోజనం లేకుండా పడుకొన్న బక్క పిల్లలకే ప్రమాదం ఎక్కువనీ 2017లో ప్రచురించిన పరిశోధన తేల్చింది. అయినా 2019లో మళ్లీ అక్కడ వందమందికి పైగా పిల్లలు పోయారు. మన మామిడిలో ఆ విషం లేదు. కాని ఆకలి ఎక్కడైనా ఆకలే. పండు భోజనానికి తోడు, భోజనానికి బదులు కాదు.

చివరిగా ఒక విన్నపం

ఈ ఎండాకాలం మీలో ఎవరైనా ఆసుపత్రికి రోగిని చూడడానికి బయలుదేరితే, అంగడి ముందు ఒక్క నిమిషం ఆగండి. యాపిల్ సంచీ పక్కన పెట్టండి. ముందు రోగి జబ్బేమిటో, ఏమి తినవచ్చో అడిగి తెలుసుకోండి. తర్వాత మీ ఇంట్లో గడ్డిలో మాగిన రెండు పండ్లు, లేత కీరదోసకాయలు నాలుగు, నిమ్మకాయలు ఆరు సంచీలో వేసుకోండి. బాలింతను చూడబోతే ఒక గిన్నెలో మునగాకు పప్పు తీసుకెళ్లండి. దాన్ని నామోషీ అనుకొనేవారు ఒకరిద్దరు ఉండవచ్చు. తినే మనిషికి మాత్రం అది మేలు చేస్తుంది.

వానలు పడగానే ఇంకొక పని. పెరట్లో స్నానం నీళ్లు పోయే చోట ఒక మునగ కొమ్మ, ఒక బొప్పాయి మొక్క నాటండి. చోటు ఉంటే గట్టు మీద ఒక నేరేడు కూడా నాటండి. మునగ కొమ్మ వచ్చే ఎండాకాలానికే ఆకు ఇస్తుంది. నేరేడు పండ్లు మీ మనుమలు తింటారు.